అడ్డం వచ్చాడన్నారు, అయినా అవుటన్నారు: మా సాఫ్ట్‌బాల్ లీగ్ కమిటీకి, అంపైర్లకు బహిరంగ లేఖ

లీగ్ నిబంధనల కమిటీ సభ్యులకు, వారం వారం మా ఆటలకు వచ్చి ఎండలో నిలబడే అంపైర్లకు,

నమస్కారం.

బహిరంగ లేఖ కాబట్టి ఈ ఆట కొత్తవాళ్లకి ఒక్క మాట. బంతి కొట్టినవాడు ఫస్ట్, సెకండ్, థర్డ్ బేసులు వరసగా తొక్కి, బ్యాటింగ్ చేసే చోటైన హోమ్ ప్లేట్‌కి తిరిగొస్తే ఒక పరుగు. దారిలో, బేస్ మీద లేనప్పుడు, ఫీల్డర్ బంతితో అతన్ని తాకితే (అదే ట్యాగ్) అవుట్.

మొన్నటి ఆటలో ఆరో ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. అప్పటికి ఒకరు అవుట్. నేను రెండో బేస్ మీద ఉన్నాను. మావాడు రైట్ ఫీల్డ్ వైపు నేలబారుగా గట్టిగా కొట్టాడు. నేను వెనక్కి చూడకుండా పరుగెత్తి, మూడో బేస్ లోపలి మూలని ఎడమకాలితో తొక్కి హోమ్ వైపు తిరిగాను. రెండడుగులు వేశానో లేదో, ఎదురుగా వాళ్ల థర్డ్ బేస్‌మన్. చేతిలో బంతి లేదు. త్రో ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని వెనక్కి వెనక్కి నడుస్తూ సరిగ్గా నా దారిలోకి వచ్చి ఆగిపోయాడు. గుద్దుకోకూడదని నేను ఆగి, ఆయన భుజం పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్లాను. ప్లేటు దగ్గరుండే క్యాచర్ నాకు ట్యాగ్ పెట్టేసరికి నా కాలికీ ప్లేటుకీ మధ్య ఒక్క అడుగు. అవుట్.

"సార్, ఆయన నాకు అడ్డం వచ్చాడు కదా?" అని అడిగాను. అంపైర్ గారు దాచలేదు. "వచ్చాడు, నేనూ చూశాను. కానీ అడ్డం రాకపోయినా మీరు అవుటయ్యేవారే" అన్నారు. ఈలోపు మా కెప్టెన్ వచ్చి "పదన్నా, అంపైర్‌తో వాదన ఎందుకు" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. తర్వాతి పిచ్ (బ్యాటర్‌కి వేసే బంతి) పడింది. ఆట ఆ ఒక్క పరుగు తేడాతోనే ముగిసింది.

ఆ పరుగు తిరిగి ఇప్పించమని నేను రాయడం లేదు. ఆ అంపైర్ గారి మీద ఫిర్యాదు కూడా కాదు. ఆయన చూసింది చూసినట్టు చెప్పారు, ఆ మాట చెప్పబట్టే అసలు గొడవ ఎక్కడుందో నాకు అర్థమైంది. ఆయనా నేనూ చూసింది ఒకటే. ఫీల్డర్ అడ్డం వచ్చాడన్న దగ్గర మాకు తేడా లేదు. అడ్డం వస్తే ఏం చెయ్యాలన్న దగ్గరే తేడా వచ్చింది. మొదటిది కంటితో తేల్చేది, రెండోది పుస్తకం తీసి తేల్చేది. మన లీగ్‌లో రెంటినీ ఒకే గాటన కట్టేసి, "అంపైర్ చెప్పిందే ఫైనల్" అని మూత పెడుతున్నాం. ఆ మూత తీయమనే ఈ ఉత్తరం.

పుస్తకం ఏమంటుందో ముందు చెబుతాను. బంతి చేతిలో లేని ఫీల్డర్, బ్యాటర్ కొట్టిన బంతిని అందుకునే పనిలో కూడా లేనప్పుడు, రన్నర్ పరుగుకి అడ్డం వస్తే అది ఆబ్‌స్ట్రక్షన్. కావాలని వచ్చాడా, చూసుకోక వచ్చాడా అన్నది లెక్కలోకి రాదు. ఇద్దరూ గుద్దుకోవాలని కూడా లేదు. రన్నర్ వేగం తగ్గించాల్సి వచ్చినా, చుట్టు తిరగాల్సి వచ్చినా చాలు. అంపైర్ ఆటని అక్కడికక్కడ ఆపడు. ఎడమచెయ్యి పక్కకి అడ్డంగా చాపి ఉంచి ప్లే ముగిసేదాకా చూస్తాడు. ముగిశాక, అడ్డం లేకపోతే ఈ రన్నర్ ఏ బేస్‌దాకా వెళ్లేవాడో అంచనా వేసి ఆ బేస్ ఇస్తాడు. ఆ అంచనా పూర్తిగా అంపైర్‌దే. దాని మీద నాకు పేచీ లేదు.

ఇక్కడిదాకా మనలో చాలామందికి కాస్తో కూస్తో తెలుసు. తెలియనిదల్లా ఆ తర్వాత ఉన్న మాట. ఏ రెండు బేసుల మధ్య రన్నర్‌ని అడ్డుకున్నారో, ఆ రెంటి మధ్య అతన్ని అవుట్ చెయ్యడం కుదరదు. (రన్నరే ఇంటర్‌ఫియరెన్స్‌కి, అంటే ఫీల్డర్ పనికి అడ్డం రావడానికి, పాల్పడటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. నా సంగతిలో అవేవీ లేవు.) నన్ను అడ్డుకున్నది మూడో బేస్ దాటాక, హోమ్ చేరకముందు. అంపైర్ గారి అంచనా అక్షరాలా నిజమే అనుకుందాం, నేను ఎలాగూ హోమ్ చేరేవాణ్ని కాదు. అప్పుడు నన్ను మూడో బేస్‌కి వెనక్కి పంపాలి. చేరేవాణ్నే అనుకుంటే పరుగు ఇవ్వాలి. అంచనా ఎటు తిరిగినా అవుట్ అన్న మాటకి అక్కడ చోటే లేదు.

"బంతి వస్తోంది కదా, అందుకోవడానికి నిలబడ్డాడు" అన్న సమర్థన మన మైదానంలో వారానికోసారైనా వినిపిస్తుంది. ముఖ్యంగా క్యాచర్ల నోట. బంతి అందుకోబోతున్న ఫీల్డర్‌కి వెసులుబాటు ఇచ్చే మాట పాత నిబంధనల్లో ఉండేది. తర్వాత దాన్ని తీసేశారు. ఇప్పుడు లెక్క సూటిగా ఉంది: బంతి గ్లవ్‌లో పడ్డాకే ఆ దారి ఫీల్డర్‌ది, అందాకా రన్నర్‌ది. మనలో చాలామంది ఆడటం నేర్చుకున్నది పాత రోజుల్లో. నేర్పినవాళ్లు ఇంకా పాతవాళ్లు. అందుకే ఆ సమర్థన ఇంకా చావలేదు.

చేతిలో బంతి లేకుండా ట్యాగ్ పెడుతున్నట్టు నటించడం కూడా ఈ పద్దులోదే. మన ఆటల్లో దాన్ని చమత్కారం కింద జమకట్టి నవ్వుకుంటారు. రాని బంతి కోసం స్లయిడ్ చేసి, చీలమండ బెణికి, భుజాల మీద చేతులేయించుకుని బయటికి నడిచిన ఒక కుర్రాణ్ని నేను చూశాను. ఆ రోజు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక ఆ "తర్వాతి పిచ్" సంగతి. కంటితో చూసి చెప్పే తీర్పు మీద ప్రొటెస్ట్, అంటే లెక్కలోకి ఎక్కే అభ్యంతరం, ఉండదు. సేఫా అవుటా, ట్యాగ్ తగిలిందా లేదా, బంతి ఫెయిరా ఫౌలా (గీత లోపలా బయటా), ఇవన్నీ ఆ కోవలోవి. నిబంధనని తప్పుగా అమలుచేశారన్న దాని మీద మాత్రం ప్రొటెస్ట్ ఉంటుంది. అదీ తర్వాతి పిచ్ పడేలోపే చెప్పాలి, ఆటలో అదే ఆఖరి ప్లే అయితే అంపైర్ మైదానం వదిలేలోపు. "అడ్డం రాలేదు" అని అంపైర్ గారు అని ఉంటే అది ఆయన కన్ను, నేను నోరు మూసుకోవాల్సిందే. "వచ్చాడు, కానీ అవుట్" అన్నారు కాబట్టి అది పుస్తకం. మా కెప్టెన్ అక్కడే ఆగి, "ఈ ఆటని ప్రొటెస్ట్ కింద ఆడుతున్నాం, స్కోరు పుస్తకంలో రాయండి" అంటే సరిపోయేది. ఆయనకి తెలియదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ తెలియదు. ఇంటికెళ్లి, మోకాలికి ఐస్ పెట్టుకుని, పుస్తకం తీస్తే తెలిసింది. అప్పటికి ఆ ఆట ముగిసి నాలుగు గంటలు.

మావైపు తప్పులు చెప్పకుండా మీ తప్పులే చెబితే ఈ ఉత్తరాన్ని మీరు సగంలోనే పక్కన పడేస్తారు. పడేయాలి కూడా.

ఫస్ట్ బేస్ దగ్గర మేం చేసే గోల చూడండి. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య ఉండే ఫీల్డర్) బంతి అందుకుని విసిరాడు, బ్యాటర్ కాలూ గ్లవ్‌లో బంతీ ఇంచుమించు ఒకేసారి. బంతి ముందు చేరితే బ్యాటర్ అవుట్. అంపైర్ ఏదో ఒకటి అంటాడు. ఏదన్నా ఒక డగౌట్ లేచి నిలబడుతుంది. నేనూ చాలా ఏళ్లు లేచినవాణ్నే. కిందటి సీజన్‌లో ఒకసారి అంపైర్ రాలేదు. "నీకు మోకాలు నొప్పి కదా, ఎలాగూ ఆడవు, నువ్వే నిలబడు" అని ఇద్దరు కెప్టెన్లూ నా నెత్తిన పెట్టారు. మూడో ఇన్నింగ్స్‌లో ఇలాంటి ప్లేనే వచ్చింది. నేను క్యాచర్ వెనకనుంచి ఒక్క అడుగు కూడా కదల్లేదు. అక్కణ్నించే చూసి ఎంతో ధీమాగా "సేఫ్" అన్నాను. ఫస్ట్ బేస్‌మన్ అరవలేదు. తన గ్లవ్‌లోని బంతి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, బంతిని పిచర్‌కి ఇచ్చేశాడు. అరిచి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి కూచుని లెక్క వేశాను. అంపైర్లకి ఎవరైనా నేర్పే పద్ధతి ఏమిటంటే, కన్ను బేస్ మీద, అంటే రన్నర్ కాలి మీద ఉంచాలి, బంతి గ్లవ్‌లో పడటాన్ని చెవితో పట్టుకోవాలి. రెంటినీ ఒకేసారి చూడటం కుదరదు కాబట్టి. మరి చప్పుడు సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది. మన బేసుల మధ్య దూరం 65 అడుగులు, అంటే దాదాపు 20 మీటర్లు. హోమ్ ప్లేట్ దగ్గర నిలబడ్డ నా చెవికి ఆ చప్పుడు చేరేసరికి సెకనులో పదిహేడో వంతు గడిచిపోయింది. సెకనుకి 6 మీటర్లు పరుగెత్తే రన్నర్ ఆలోపు 35 సెంటీమీటర్లు ముందుకొస్తాడు. అడుగుకి పైనే. అంటే బంతి గ్లవ్‌లో పడ్డప్పుడు బేస్‌కి ఇంకా అడుగు దూరంలో ఉన్న కాలు, నాకు "టప్" అని వినబడేసరికి బేస్ మీద ఉంటుంది. నా కన్నూ చెవీ ఏ తప్పూ చెయ్యలేదు, నేను నిలబడ్డ చోటే తప్పు. ఒక 5 మీటర్ల దూరంలో నిలబడి ఉంటే ఆ తేడా బెత్తెడుకి మించేది కాదు.

ఈ లెక్కనే డగౌట్లకి పెట్టి చూడండి, భలే ఉంటుంది. మూడో బేస్ వైపు డగౌట్ నుంచి ఫస్ట్ బేస్ 30 మీటర్ల దూరం ఉందనుకుంటే అక్కడివాళ్లకి తేడా అర మీటరు. ఫస్ట్ బేస్ వైపు డగౌట్‌ 10 మీటర్లలో ఉంటే జానెడు కూడా లేదు. మూడో బేస్ వైపు కూర్చున్న జట్టు బ్యాటింగ్‌కి దిగినప్పుడల్లా "సేఫ్! సేఫ్!" అని అంత నిజాయితీగా ఎందుకు అరుస్తుందో నాకు ఆ రాత్రి తెలిసింది. వాళ్లకి నిజంగానే సేఫ్‌లా కనిపిస్తుంది మరి. కాబట్టి ఫస్ట్ బేస్ దగ్గర దగ్గరి ప్లే మీద డగౌట్ నుంచి వచ్చే అరుపుని మీరు పట్టించుకోనక్కర్లేదు. మేం అరవకుండా ఉంటే ఇంకా మంచిది. ఇంతా చెప్పి మీకూ ఒక మనవి: నేలబారు బంతి కొట్టగానే ప్లేటు వెనకనుంచి బయటికొచ్చి, త్రో వచ్చే దారికి లంబకోణంలో నాలుగడుగులు లోపలికి నడవండి. పరుగెత్తమని అడగడం లేదు. మీలో కొందరి మోకాళ్లు నా మోకాళ్ల కన్నా పాతవని నాకు తెలుసు. కానీ ఆ నాలుగడుగులు వేసిన అంపైర్ అవుటన్నాక వాదించిన రన్నర్‌ని నేను పెద్దగా చూడలేదు.

"టై అయితే రన్నర్‌కే" అన్నది ఇంకొకటి. చిన్నప్పటినుంచి వింటున్న మాట కాబట్టి నిబంధన అనుకుంటాం. నిబంధన అడిగేది ఏది ముందు అన్న ఒక్క ప్రశ్నే. బంతి ముందు అనిపిస్తే అవుట్, లేదంటే సేఫ్. "టై అయింది కాబట్టి" అని మీలో ఎవరైనా నోరు జారితే మాత్రం, వాదనకి పీట వేసి కూచోబెట్టినట్టే.

ఫస్ట్ బేస్ దాటి పరుగెత్తిన రన్నర్ ఎడమవైపు తిరిగితే అవుట్ అన్నది కూడా ఇలాంటిదే. ఈ నమ్మకం మా ఫీల్డర్లకి ఉంది, మీలో ఇద్దరు ముగ్గురికీ ఉంది. ఎటు తిరిగాడన్నది లెక్క కాదు. రెండో బేస్‌కి వెళ్లే ప్రయత్నం చేశాడా లేదా అన్నదే లెక్క. చెయ్యకపోతే ఎడమకి తిరిగి, తాపీగా నడుచుకుంటూ వెనక్కి రావచ్చు. ప్రయత్నం చేసి ఉంటే ఫౌల్ వైపు నిలబడ్డా సరే, ట్యాగ్ చేస్తే అవుటే. పోయిన నెలలో ఒకాయన అలసిపోయి ఎడమవైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే, వాళ్ల సెకండ్ బేస్‌మన్ బంతి పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఆయన వీపుకి ఆనించాడు. అంపైర్ గారు అవుటన్నారు. ఇది కూడా ప్రొటెస్ట్ చెయ్యదగ్గదే. "రెండో బేస్ వైపు అడుగు వేశాడనిపించింది" అని ఉంటే కాదు. "ఎడమకి తిరిగాడు కాబట్టి" అన్నారు, అందుకని అవును.

బేసుల మధ్య గీత సంగతి దీనికన్నా చిక్కు. రన్నర్ గీత మీద నుంచే పరుగెత్తాలనీ, మూడు అడుగులు పక్కకి జరిగితే అవుటనీ మేం అరుస్తుంటాం. రన్నర్‌కి అలాంటి గీత ఏదీ లేదు. రెండో బేస్‌కి వెళ్లేవాడు కావాలంటే గడ్డి అంచుదాకా వెడల్పుగా తిరిగి వెళ్లొచ్చు. మూడు అడుగుల లెక్క మొదలయ్యేది, ఫీల్డర్ బంతితో ట్యాగ్ చెయ్యబోయిన క్షణాన. అప్పుడు రన్నర్ ఎక్కడున్నాడో అక్కణ్నించి బేస్‌కి నేరుగా గీసిన గీతే అతని దారి. ట్యాగ్ తప్పించుకోవడానికి ఆ గీతనుంచి మూడు అడుగులు దాటితే అవుట్. గ్రౌండ్ మీద సున్నంతో గీసిన గీతకీ దీనికీ సంబంధం లేదు. అలాగే, కొట్టిన బంతిని అందుకుంటున్న ఫీల్డర్‌ని తప్పించుకోవడానికి ఎంత దూరం తిరిగినా అవుట్ కాదు. అక్కడ తప్పుకోవాల్సింది రన్నరే మరి. తప్పుకోకపోతే ఇంటర్‌ఫియరెన్స్. హోమ్ నుంచి ఫస్ట్‌కి వెళ్లే దారిలో రెండో సగంలో ఉండే మూడడుగుల లేన్ మళ్లీ వేరు. మన గ్రౌండ్‌లో దాన్ని గీసిన రోజు నాకు గుర్తు లేదు. గీయని గీత దాటాడని అవుటిస్తే ఎవరు ఒప్పుకుంటారు?

స్లో పిచ్‌లో (బంతిని నెమ్మదిగా, ఎత్తుగా వేసే రకం సాఫ్ట్‌బాల్‌లో) పిచ్ బ్యాటర్‌ని చేరకముందే బేస్ వదిలిన రన్నర్ అవుట్, ఆ పిచ్ లెక్కలోకి రాదు. దీని మీద పెద్దగా గొడవ లేదు. మీరు అవుటనరు, మేం ముందే వదులుతాం, అంతే.

ఇప్పుడు నేను దాచిపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక ఆటలో నేను రెండో బేస్ తొక్కకుండా మూడోదానికి వెళ్లిపోయాను. తొక్కాననే అనుకున్నాను కానీ కాలి కింద ఏమీ తగల్లేదని కాలికి తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. నేను పరుగు పూర్తిచేశాను, అదే గెలుపు పరుగైంది. ఆట అయ్యాక నీళ్ల కుళాయి దగ్గర ఆ రోజు అంపైర్ గారు మొహం కడుక్కుంటూ, "రెండో బేస్ మీకు బాగా దూరంగా ఉందనుకుంటా ఇవాళ" అన్నారు. నాకు గొంతు తడారిపోయింది. "చూశారా సార్?" అన్నాను. "చూశాను. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నారు.

అప్పుడు నాకు అది అన్యాయంలా తోచింది, నా పక్షాన జరిగినా సరే. చూసి కూడా ఊరుకోవడమేమిటి అని. తర్వాత తెలిసింది, ఆయన చేసిందే సరైన పని అని. బేస్ తొక్కకపోవడం, క్యాచ్ పట్టకముందే బేస్ వదలడం, ఇవి అప్పీల్ ప్లేలు. ఫీల్డింగ్ జట్టు తర్వాతి పిచ్ పడేలోపు అడిగితేనే అంపైర్ నోరు విప్పాలి. క్రికెట్ ఆడి ఇటు వచ్చినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, అక్కడా అప్పీల్ లేకపోతే అవుట్ లేదు. ఇంతకీ నేనేమంటున్నానంటే, ఈ నిబంధన ఒకటుందని ఎదుటి జట్టుకి తెలియకపోతే అంపైర్ మౌనం వాళ్లకి కుమ్మక్కులా కనబడుతుంది. ఆ రోజు నీళ్ల కుళాయి దగ్గర మా మాటలు వాళ్లలో ఎవరి చెవినైనా పడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఆయన ఏ తప్పూ చెయ్యకుండానే దొంగ అనిపించుకునేవారు.

ఒకే అంపైర్ ఉండే ఆటల్లో మీ కష్టం మాకు తెలియక కాదు. ఫస్ట్, సెకండ్ బేసుల మీద రన్నర్లున్నారు, అవుట్‌ఫీల్డ్‌లోకి ఎత్తుగా బంతి లేచింది. క్యాచ్ పట్టాడా చూడాలి, ఇద్దరు రన్నర్లూ పట్టాకే బయల్దేరారా చూడాలి, త్రో ఎటు పోయిందో చూడాలి, దారిలో ఎవరైనా అడ్డం వస్తున్నారా చూడాలి. ఉన్నవి రెండే కళ్లు. ఇందులో ఏదో ఒకటి తప్పిపోతుంది. తప్పిపోయినదాన్ని "చూడలేదు" అని చెప్పే అంపైర్‌ని నేను ఎప్పుడూ తక్కువగా చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పినప్పుడే ఒళ్లు మండుతుంది.

2010 జూన్ 2న అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జరిగింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. డెట్రాయిట్ పిచర్ అర్మాండో గలరాగా వరసగా 26 మందిని అవుట్ చేశాడు. ఇంకొక్కడు అవుటైతే పర్ఫెక్ట్ గేమ్, అంటే ఎదుటి జట్టులో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆట. ఇరవై ఏడో బ్యాటర్ ఫస్ట్ బేస్ దగ్గర స్పష్టంగా అవుట్. అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నారు. ఆట అయ్యాక రీప్లే చూసుకుని, నాది తప్పు అని ఆయనే ఒప్పుకున్నారు. పిచర్ దగ్గర క్షమాపణ కోరారు. మర్నాడు ఆట మొదలవుతుంటే లైనప్ కార్డు (జట్టు పేర్ల చీటీ) తీసుకుని హోమ్ ప్లేట్ దగ్గరకి వచ్చింది గలరాగాయే, అక్కడ జాయిస్ కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డారు. తీర్పు మారలేదు, పర్ఫెక్ట్ గేమ్ రికార్డుల్లోకి ఎక్కలేదు. అలాంటి ప్లేలని వీడియోలో తిరిగి చూసే పద్ధతి ఆ లీగ్‌లోకి 2014లో వచ్చింది. మనకి వీడియో రాదు, రానక్కర్లేదు కూడా. జాయిస్‌లా తప్పు ఒప్పుకుని క్షమాపణ కోరడానికి కెమెరా అక్కర్లేదు కదా.

కాబట్టి మా కోరికలు చిన్నవే. రన్నర్ మీద తీర్పు చెప్పాక కెప్టెన్ వచ్చి మర్యాదగా అడిగితే, ఏం చూశారో ఒక్క వాక్యంలో చెప్పండి. "ట్యాగ్ మోచేతికి తగిలింది, కాలు ఇంకా గాలిలో ఉంది." చాలు. దాని మీద మేం మారుమాట్లాడితే మమ్మల్ని బయటికి పంపండి. మా కెప్టెన్ కాకుండా వేరే ఎవరైనా డగౌట్ దాటి వచ్చినా సరే, అడక్కుండా పంపండి, అందులో నేనున్నా సరే. ఆబ్‌స్ట్రక్షన్ చూసినప్పుడు ఎడమచెయ్యి చాపండి. ఆ చెయ్యి కనిపిస్తే రన్నర్ ధైర్యంగా పరుగెత్తుతాడు, ఫీల్డర్ పక్కకి తప్పుకుంటాడు, ఆట ముగిశాక చెప్పుకోవాల్సిన సంజాయిషీ సగం తగ్గుతుంది. ఇద్దరు అంపైర్లున్న రోజున రెండో ఆయన్ని అడగడాన్ని చిన్నతనంగా అనుకోవద్దు.

కమిటీ వారికి వేరే చెప్పాలి, అసలు బరువు మీ మీదే ఉంది. మనం ఏ నిబంధనల పుస్తకం ప్రకారం ఆడుతున్నామో ఇప్పటిదాకా కాగితం మీద ఎక్కడా లేదు. ఒక అంపైర్ ఒక పుస్తకం చదివి వస్తారు, ఇంకొకరు వేరేది, మూడో ఆయన ఏదీ చదవరు. ఒక్క పుస్తకం ఖాయం చెయ్యండి. దాని పైన మన లీగ్‌కి మాత్రమే ఉన్న కట్టుబాట్లు ఉంటే, స్లయిడ్ తప్పనిసరా కాదా, హోమ్ దగ్గర ట్యాగ్ ఉందా లేక కమిట్‌మెంట్ లైన్ (హోమ్‌కి ముందు గీసే గీత, దాటితే రన్నర్ వెనక్కి తిరగకూడదు) దాటాక ఫోర్సేనా (రన్నర్‌ని తాకనక్కర్లేకుండా, బంతితో ప్లేటు తొక్కితే అవుటా), అవన్నీ అర పేజీలో రాసి ఇరు జట్ల డగౌట్లలోనూ అంటించండి. ప్రొటెస్ట్ ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆ అర పేజీలో మొదటి వాక్యంగా ఉండాలి. పెద్దవయసు వాళ్లు ఆడే చాలా లీగ్‌లలో కమిట్‌మెంట్ లైన్‌తో పాటు రన్నర్ కోసం రెండో హోమ్ ప్లేట్ కూడా పెడుతున్నారు. క్యాచర్, రన్నర్ ఒకే చోటికి రాకపోతే గుద్దుకోరు, గుద్దుకోకపోతే ఎవరు ఎవరికి అడ్డం వచ్చారన్న ప్రశ్నే పుట్టదు. దాని గురించి ఆలోచించండి.

ఫస్ట్ బేస్ దగ్గర జోడు బేస్ విషయం మాత్రం ఆలోచించడానికి కూడా ఏమీ లేదు. తెల్లది ఫెయిర్ వైపు ఫీల్డర్‌కి, నారింజది ఫౌల్ వైపు పరుగెత్తి వచ్చే బ్యాటర్‌కి. ఎవరి కాలు ఎక్కడ పడాలో రంగే చెబుతుంది. అంపైర్‌కి కూడా రెండు కాళ్లూ విడివిడిగా కనబడతాయి. కిందటేడాది చందాలతో అలాంటిది ఒకటి కొన్నాం, రసీదు నా దగ్గరే ఉంది. రెండు ఆటలు వాడి, మేకులు దిగడం లేదని స్టోరు గదిలో పడేశారు.

వచ్చే ఆదివారం మొదటి ఆటకి అంపైర్ ఇంకా కుదరలేదని విన్నాను. మా జట్టుది రెండో ఆట. ఎవరూ దొరక్కపోతే మొదటిదానికి నేను నిలబడతాను, ఈసారి ప్లేటు వెనకనుంచి కదులుతాను. కాస్త ముందే వచ్చి ఆ జోడు బేస్ కూడా బిగిస్తాను, సుత్తి నేనే తెచ్చుకుంటాను. స్టోరు గది తాళం ఎవరి దగ్గరుందో చెబితే చాలు.

ఇట్లు,
ఒక సెకండ్ బేస్‌మన్